తన మరణానికి తానే తలూపిన ఓటరు

2020 జూన్‌లో నన్ను ఎన్నికల విభాగం డిప్యూటీ తహసీల్దారుగా వేశారు. తమిళనాడు కృష్ణగిరి జిల్లాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న తాలూకా అది. అప్పటికి నేను రెవెన్యూ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి ఇరవై తొమ్మిదేళ్లయింది. పట్టా మార్పిడులు, వారసత్వ ధ్రువపత్రాలు, హద్దు తగాదాలు అన్నీ చూసినదాన్ని. ఎన్నికల సీటు అనగానే తోటి ఉద్యోగులు, ఇంకేం, కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు అన్నారు. ఆ మాట అన్నవాళ్లెవరూ ఆ సీటులో కూర్చున్నవాళ్లు కాదు. ఎన్నికలు ఐదేళ్లకొకసారి వస్తాయి గానీ ఓటరు జాబితా పని రోజూ ఉంటుంది. మనుషులు రోజూ పుడుతున్నారు, పెళ్లిళ్లు చేసుకుని ఊళ్లు మారుతున్నారు, పోతున్నారు.

ఈ పని వరుస తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. ఒక్కొక్క పోలింగు బూత్‌కు ఒక బూత్ స్థాయి అధికారి ఉంటారు. అందరూ బి.ఎల్.ఓ. అంటారు. ఎక్కువగా అంగన్‌వాడీ కార్యకర్తలు, బడి పంతుళ్లు. వాళ్ల పైన సూపర్‌వైజరు, ఆ పైన సహాయ ఓటరు నమోదు అధికారి, అంటే మా తహసీల్దారు. అందరికీ పైన ఓటరు నమోదు అధికారి. తహసీల్దారు సంతకానికి వెళ్లే ప్రతి కాగితాన్నీ ముందు పరిశీలించి పొట్టి సంతకం పెట్టేది నేను. కొత్తగా పేరు చేర్చాలంటే ఫారం 6. తప్పులు దిద్దాలంటే, ఇల్లు మారితే ఫారం 8. చనిపోయినవాళ్ల పేరో ఊరు వదిలినవాళ్ల పేరో తీసేయాలంటే ఫారం 7. పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి, చెప్పిన చిరునామాలో నిజంగా కాపురం ఉండాలి, పేరు ఒక్కచోటే ఉండాలి.

ఈ ఒక్కచోటే అన్నదాన్ని ఒప్పించడానికి నాకు గొంతు ఎండిపోయేది. హోసూరు ఫ్యాక్టరీల్లో పనికి వచ్చిన ఆంధ్ర, తెలంగాణ కుర్రవాళ్లు ప్రత్యేక శిబిరాల్లో నన్ను చుట్టుకుని, "ఊళ్లో ఓటు ఉండనివ్వండి మేడం, ఇక్కడ కూడా ఒకటి రాయండి" అని బతిమాలేవాళ్లు. రాత్రి యాడ పడుకుని పొద్దున యాడ లేస్తావో ఆడే నీ ఓటు అప్పా, అని చెప్పేదాన్ని. వాళ్లు నా తెలుగు విని నవ్వేవాళ్లు. మాది హోసూరు దగ్గరి ఉద్దనపల్లి. మా తెలుగు అలాగే ఉంటుంది.

ఆ ఏడాది నవంబరు, డిసెంబరు నెలల్లో జాబితా సవరణ జరిగింది. తర్వాతి ఏడాది శాసనసభ ఎన్నికలు కాబట్టి పని గట్టిగా పట్టారు. జనవరిలో తుది జాబితా వచ్చింది. మా తాలూకా జాబితా ఎక్కడా వేలెత్తి చూపడానికి లేకుండా ఉందని కలెక్టరాఫీసు సమావేశంలో అన్నప్పుడు నేను తల కొంచెం పైకెత్తుకునే కూర్చున్నాను.

మార్చి మొదటి వారంలో ఒక రోజు మధ్యాహ్నం భోజనం ముగించి వచ్చేసరికి నా బల్ల ముందు ఒక ఆమె నిలబడి ఉంది. యాభై ఏళ్లు ఉంటాయి. వెంట భర్త, ఆ వెనక చేతిలో జాబితా కాగితాలతో ఇంకొకాయన. వేప్పనపల్లి నుంచి కుప్పం వెళ్లే దారిలో ఉన్న ఊరు వాళ్లది. మామిడి తోటలు, రాగి చేలు ఉన్న రైతు కుటుంబం. కాగితాలు పట్టుకున్నాయన ఆ ఊళ్లో ఒక పార్టీకి బూత్ ఏజెంటుగా కూర్చునే మనిషి. ఎన్నికల ప్రకటన వచ్చాక ఇంటింటి ఓట్లు సరిచూసుకుంటుంటే ఈమె పేరు మీద కొట్టివేత, పక్కన మరణం అని తెలిపే గుర్తు కనబడ్డాయట.

ఆమె కోపంగా లేదు. నేరుగా నా వైపు చూసి, "నేను బతికే ఉండాను కదమ్మా. చచ్చినోళ్ల లిస్టులో రాసినారంట" అంది.

ఇలాంటివి అప్పుడప్పుడు వస్తుంటాయి. కాగితం తీసుకుని, పేరేమమ్మా అని అడిగాను. ఆమె భర్త వైపు చూసింది. అతను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాను. ఎవరి విషయమో వాళ్లే చెప్పాలని నా పద్ధతి. నీ పేరు చెప్పమ్మా అని మళ్లీ అడిగాను. తల వంచుకుంది. మూడోసారి గొంతు పెంచాను. "ఆయప్పను అడగండమ్మా" అంది. నిజం చెబుతున్నాను, నాకు అనుమానం వచ్చింది. సరిహద్దు తాలూకా. ఒకరి కార్డుతో ఇంకొకరు రావడం మేము చూడనిది కాదు. తన పేరు తాను చెప్పుకోలేని మనిషి ఓటు ఎలా అడుగుతుందని ఆ బూత్ ఏజెంటుతో కటువుగానే అన్నాను.

అప్పుడు భర్త నారాయణప్ప మెల్లగా అన్నాడు: "మా అమ్మ పేరూ అదే మేడం."

ఆ ఒక్క మాటతో నాకు సగం అర్థమైంది. మా వైపు కోడలు అత్తామామల పేర్లు పలకదు. అది అందరికీ తెలిసిందే. కొత్త కోడలి పేరు, అత్త పేరు ఒకటే అయితే ఏం చేస్తారో బయటివాళ్లకు తెలియకపోవచ్చు. ఆ ఇంట్లో కోడలికి ఇంకో పేరు పెడతారు. గడప దాటి లోపలికి వచ్చిన రోజు నుంచి ఆ కొత్త పేరుతోనే పిలుస్తారు. అత్త గౌరమ్మ. కుప్పం వైపు నుంచి వచ్చిన కోడలూ గౌరమ్మే. అత్త ఆమెకు పాపమ్మ అని పేరు పెట్టింది. ముప్పై ఏళ్లుగా ఊరంతటికీ ఆమె పాపమ్మే. తన పేరు అత్త పేరు కూడా అయినందువల్ల, అత్త పేరు పలకకూడదు కాబట్టి, తన పేరు తాను ముప్పై ఏళ్లుగా నోటితో అనలేదు.

మిగతా సగం, కాగితాలు తీయిస్తే బయటపడింది. అత్త ఆ ముందటి సెప్టెంబరులో డెబ్భై ఆరేళ్ల వయసులో పోయింది. సవరణ సమయంలో నారాయణప్ప తల్లి పేరు తీసేయమని ఫారం 7 మీద సంతకం పెట్టి, మరణ ధ్రువపత్రం జతచేసి, మిగతా గళ్లు మీరే నింపండని ఆ బూత్ బి.ఎల్.ఓ. రాజేశ్వరికి ఇచ్చాడు. రాజేశ్వరి పక్క ఊరి అంగన్‌వాడీ కార్యకర్త. ఇంటి నంబరు, పేరు కొట్టి వెతికితే ఆ ఇంట్లో ఒకే గౌరమ్మ కనబడింది. అది కోడలు. ఎందుకంటే వీళ్లు పాత పెంకుటిల్లు ముందు కొత్త ఇల్లు కట్టినప్పుడు కొడుకు, కోడలి పేర్లు కొత్త నంబరుకు మారాయి. అత్త పేరు పాత నంబరు కింద వేరే పేజీలో ఉండిపోయింది. రాజేశ్వరికి దొరికిన పేరు పక్కన వయసు యాభై అని ఉంది. ముసలివాళ్ల వయసు జాబితాల్లో ఇరవై ఏళ్లు తేడా ఉండటం మామూలే కాబట్టి ఆమె దాన్ని పట్టించుకోలేదు.

ఆ తర్వాత ఆమె నియమం ప్రకారం ఇంటికి వెళ్లి విచారణ చేసింది. ఇంట్లో కోడలు ఒక్కతే ఉంది. గౌరమ్మ చనిపోయింది కదమ్మా అని అడిగింది. నిజానికి పేరు, భర్త పేరు, వయసు మూడూ చదివి వినిపించాలి. కానీ రాజేశ్వరి కూడా ఒక ఇంటి కోడలే. ఆ ఇంటి మగవాళ్ల పేర్లు ఆ ఇంటి కోడలి ముందు గట్టిగా చదవడానికి మొహమాటపడి భర్త పేరు వదిలేసింది. గౌరమ్మ అంటే ఆ ఇంట్లో అత్త ఒక్కతే. అవును, పోయిందని కోడలు తల ఊపింది. ఆ విధంగా తన మరణానికి తానే సాక్ష్యం ఇచ్చింది.

ఇక మూడో తప్పు నాది. ఫారంతో వచ్చిన మరణ ధ్రువపత్రంలో భర్త పేరు మునివెంకటప్ప అని స్పష్టంగా ఉంది. జాబితాలో భర్త పేరు నారాయణప్ప. రెండూ పక్కపక్కన పెట్టి చూడటమే నా ఉద్యోగం. నేను పేరు, ఊరు చూసి పొట్టి సంతకం పెట్టాను. ఆ సంతకం నా ముందే ఉంది. సమావేశంలో తల ఎత్తుకుని కూర్చున్నది గుర్తొచ్చి నాకు నిజంగా సిగ్గేసింది.

నామినేషన్ల చివరి రోజుకు పది రోజుల ముందు వరకూ అందిన దరఖాస్తులనే ఆ ఎన్నికకు తీసుకుంటారు. తర్వాత వచ్చినవి ఎన్నికలయ్యాక చూస్తారు. ఆ గడువుకు ఇక రెండే రోజులున్నాయి. తహసీల్దారు తమిళాయన, నెమ్మదైన మనిషి, పని తెలిసినవాడు. విషయం విని సులువైన దారి చూపించారు. ఆమె ఆధార్, రేషన్ కార్డు రెండూ పాపమ్మ పేరుతోనే ఉన్నాయి. నారాయణప్ప రాయించినప్పుడు ఇంటి పేరే చెప్పాడు మరి. పాపమ్మ అని కొత్తగా ఫారం 6 వేస్తే ఆధార్‌తో సరిపోతుంది, విచారణలో చిక్కుండదు, వారంలో పని అయిపోతుంది. గౌరమ్మ అనే పేరుతో వేస్తే చనిపోయినట్టు కొట్టేసిన పేరు తిరిగి ఎందుకు వస్తున్నదో రుజువులతో నివేదిక రాయాలి. వాంగ్మూలం తీసుకోవాలి. ఎవరైనా అభ్యంతరం చెబితే ఆ ఎన్నికకు అందకపోవచ్చు.

ఇదంతా ఆమెకు తెలుగులో విడమరిచి చెప్పాను. పాపమ్మ అని వేద్దామమ్మా, ఓటు ఖాయంగా వస్తుంది అన్నాను. నారాయణప్ప వెంటనే సరే అన్నాడు. బూత్ ఏజెంటుకైతే ఓటు వస్తే చాలు, ఏ పేరైనా ఒకటే.

ఆమె మాత్రం ఒప్పుకోలేదు. "పాపమ్మ అని మా అత్త పెట్టింది. అది ఇంట్లో పిలిచేదానికి. ఓటు ఇంట్లో వేసేది కాదు కదమ్మా" అంది.

నారాయణప్ప ఆమె వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఆమె అతన్ని చూడకుండా నాతోనే మాట్లాడింది. అత్త ఉన్నన్నాళ్లూ బూత్‌కు పోయే ముందు ఇంట్లో ఆడవాళ్లందరినీ పిలిచి ఏ గుర్తుకు వేయాలో చెప్పేదట. తిరిగి వచ్చాక ఒక్కొక్కరినీ అడిగేదట. ఈమె అబద్ధం చెప్పడం చేతకాక ప్రతిసారీ అత్త చెప్పిన దానికే వేసింది. "మా అత్త మంచిదే. నన్ను కూతురు మాదిరి చూసింది. అయితే ఈసారే మొదుటిగా నా ఇష్టానికి ఓటు వేయాల అనుకుని ఉండాను. అది నా పేరుతో వేస్తాను" అంది.

ముప్పై ఏళ్లలో నా బల్ల ముందు భూమి కోసం గట్టిగా నిలబడ్డవాళ్లను చాలామందిని చూశాను. పేరు కోసం నిలబడ్డ మనిషిని అదే మొదటిసారి చూడటం. నేను తహసీల్దారు గదిలోకి వెళ్లి, గౌరమ్మ పేరుతోనే చేద్దాం సార్, నివేదిక నేను రాస్తాను అన్నాను. గడువు దాటితే బాధ్యత ఎవరిదని అడిగారు. నాదే అన్నాను. జరిగిన తప్పులో నా సంతకం ఉందని కూడా ఆ గదిలోనే చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, అది కూడా నివేదికలో రాస్తారా అని అడిగారు. రాస్తానన్నాను.

వాంగ్మూలం అంటే విచారణ జరిపే అధికారి ముందు మనిషి స్వయంగా చెప్పి, చదివించుకుని, సంతకం పెట్టేది. మొదటి వాక్యమే, నా పేరు ఫలానా, భర్త పేరు ఫలానా అని ఉంటుంది. నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నారాయణప్పను, ఏజెంటును వరండాలో కూర్చోమన్నాను. అది నియమంలో లేదు, నేనే చేశాను. పేరు చెప్పమ్మా అన్నాను, ఈసారి గొంతు పెంచకుండా.

ఆమె చీర చెంగుతో మొహం తుడుచుకుంది. నోరు తెరిచి మూసుకుంది. అత్త పోయి ఆరు నెలలైనా నాలుకకు అలవాటు పోలేదు. నాకూ తొందర లేదు. ఫ్యాను తిరుగుతోంది, అవతలి బల్ల దగ్గర టైపు చేస్తున్న అమ్మాయి కూడా చెయ్యి ఆపింది.

"గౌరమ్మ" అంది.

పలికిన వెంటనే తలుపు వైపు చూసింది, ఎవరైనా విన్నారేమో అని. తర్వాత ఏమనుకుందో, నేను అడగకుండానే ఇంకోసారి అంది. రెండోసారి గట్టిగా అంది. నేను రాసుకున్నాను. ఎందుకో నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కాగితం మీద పడకుండా చూసుకున్నాను.

పాత ఓటరు కార్డు ఆమె దగ్గర భద్రంగా ఉంది. పుట్టింటి ఊళ్లో ఐదో తరగతి వరకూ చదివిన బడి ధ్రువపత్రాన్ని మరుసటి ఉదయం తమ్ముడి చేత తెప్పించింది. రెండింటిలోనూ గౌరమ్మే. ఆ మధ్యాహ్నం నేనే ఆ ఊరు వెళ్లాను. ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ల మాట రాసుకున్నాను. పాపమ్మ, గౌరమ్మ ఒకరేనని వాళ్లు చెప్పారు గానీ, పక్కనే నిలబడి విన్న ఒక ముసలామె, "ఆయమ్మకు గౌరమ్మ అని పేరుండేది మాకే తెలీదు కదమ్మా" అని ఆశ్చర్యపోయింది. అత్త పేరు తీసేయడానికి సరైన వరుస సంఖ్యతో ఇంకో ఫారం 7 కూడా అప్పుడే తీసుకున్నాను. రాజేశ్వరి నా వెంటే ఉంది. ముందురోజు నుంచి అన్నం సరిగా తినలేదని చూస్తేనే తెలుస్తోంది. గౌరమ్మ ఆమెను లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చి, "తల ఊపింది నేనే కదమ్మా, నిన్ను ఏమని అనేది" అంది.

రెండు ఫారాలూ గడువు ముగిసే రోజు సాయంత్రం నాలుగు గంటలకు నమోదయ్యాయి. తర్వాత ఏడు రోజులు నోటీసు బోర్డు మీద ఉంచాలి. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నామినేషన్ల చివరి రోజున వచ్చిన అనుబంధ జాబితాలో ఆమె పేరు తిరిగి వచ్చింది.

నివేదికలో మూడు తప్పులూ వరుసగా రాశాను: గళ్లు నింపడంలో ఒకటి, ఇంటి విచారణలో ఒకటి, ఆఫీసు పరిశీలనలో ఒకటి. మూడోదాని కింద నా పేరు, హోదా రాశాను. మామూలుగా ఇలాంటి సందర్భాల్లో సంజాయిషీ అడిగే మెమో బి.ఎల్.ఓ. దాకా వెళ్లి ఆగుతుంది. ఈసారి నాకూ వచ్చింది. ఇద్దరం జవాబు రాశాం. హెచ్చరికతో వదిలేశారు. నా సర్వీసు మొత్తంలో ఉన్న మెమో అదొక్కటే. పదవీ విరమణ సభలో నా మీద ఒక్క మచ్చ కూడా లేదని మిత్రులు పొగుడుతుంటే లేచి, ఒకటుందండీ అని చెప్పాను. నాకు వచ్చిన ప్రశంసాపత్రాల కన్నా ఆ కాగితమంటేనే నాకు ఎక్కువ గర్వం. అందుకే పారేయకుండా ఫైల్లో పెట్టుకున్నాను.

పోలింగు రోజు కొన్ని బూత్‌లకు కలిపి ఒక జోనల్ అధికారి తిరుగుతారు. నన్ను ఆ వైపు వేయమని అడిగి వేయించుకున్నాను, దాచేదేముంది. పదిన్నరకు ఆ ఊరి బడికి చేరేసరికి ఆమె వరుసలో నాలుగో మనిషి. కరోనా రోజులు, మొహానికి మాస్కు, కుడి చేతికి పలచటి తొడుగు. మొదటి పోలింగు అధికారి కార్డు చూసి, ఏజెంట్లు వినేలా వరుస సంఖ్య, పేరు చదివి చెప్పాలి. గౌరమ్మ అని చదివాడు. ఏజెంట్లలో ఇద్దరు తల ఎత్తి, ఎవరీ గౌరమ్మ అన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. మూడోవాడు మన ఏజెంటే. అతను నవ్వి జాబితాలో గీత పెట్టుకున్నాడు.

ఆమె మాస్కు కిందికి లాగి, "నేనే" అంది.

రెండో అధికారి ఎడమ చూపుడు వేలికి సిరా పూసి రిజిస్టరు ముందుకు తోశాడు. ఆమె ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ తెలుగులో సంతకం పెట్టింది. వెనక వరుస విసుక్కుంది. ఆమె తొందరపడలేదు. అట్టపెట్టె మాటుకు వెళ్లింది, బీప్ శబ్దం వచ్చింది, బయటికి వచ్చింది. వాకిట్లో నారాయణప్ప నిలబడి ఉన్నాడు. దేనికి వేసినావని అడిగాడు. నేను వినేంత దూరంలోనే ఉన్నాను. "నీదేదో నువ్వు వేసినావు కదప్పా" అని చెప్పులు వేసుకుని ఇంటి దారి పట్టింది.

ఆ తర్వాత పదవీ విరమణ వరకూ రెండు పనులు తప్పకుండా చేయించాను. మరణ విచారణకు వెళ్లే ప్రతి బి.ఎల్.ఓ. ఓటరు ఫోటో చూపించి, ఈ పేరు గలవాళ్లు ఈ ఇంట్లో ఇంకెవరైనా బతికి ఉన్నారా అని అడిగి జవాబు రాసుకోవాలి. అలా అడగడం మొదలుపెట్టిన రెండో వారంలోనే ఇంకో ఊళ్లో ఇలాంటి తప్పే దొరికింది. రెండోది నాకు నేను పెట్టుకున్న నియమం. ఆడవాళ్ల ఫారం మీద పేరు గడిని, పక్కన ఎంత పెద్దమనిషి నిలబడి చెప్పినా, ఆమె చెప్పేదాకా నింపలేదు. దానివల్ల వరుస ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే అవుతుంది.